చల్లని నీళ్లకు జివ్వుమనే పళ్లు: పాఠకుల ప్రశ్నలు, దంతవైద్యుల జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగం పళ్లు జివ్వుమనడం గురించే కావడంతో, మిగిలిన విషయాలను వచ్చే సంచికకు ఉంచి, వీటన్నిటికీ ఒకేచోట జవాబు చెబుతున్నాను. ఒకరి ప్రశ్నకు రాసిన జవాబులో మరొకరికి కావలసినది కూడా ఉండవచ్చు కనుక వరుసగా చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. ఏడాదిగా చల్లని నీళ్లు తాగినా, నోటితో గాలి పీల్చినా ఎడమవైపు పై పళ్లు ఒక్కసారిగా జివ్వుమని, వెంటనే తగ్గిపోతున్నాయి. డాక్టరుగారికి చూపిస్తే పిప్పి ఎక్కడా లేదని, ఎక్స్‌రే కూడా బాగానే ఉందని అన్నారు. నేను రోజూ రెండుసార్లు, ప్రతిసారీ అయిదారు నిమిషాలు గట్టిగా తోముకుంటాను. ఇంత శుభ్రంగా ఉంచుకున్నా, పిప్పి లేకపోయినా పళ్లెందుకు ఇలా బాధిస్తున్నాయి?

జవాబు: మీ ఉత్తరంలో ‘ఎడమవైపు’ అన్న మాట దగ్గర, ‘అయిదారు నిమిషాలు గట్టిగా’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. వాటి సంగతి కాసేపట్లో చెబుతాను. పిప్పి లేని పన్ను ఎలా నొప్పి పెట్టగలదో ముందు తెలుసుకోవాలి.

పంటి పైన మనకు కనిపించే పొర ఎనామిల్. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే అయిన ఈ పొరకంటే గట్టి పదార్థం మన ఒంట్లో మరొకటి లేదు. అందులో నరాలు లేవు కనుక దానికి చల్లదనమూ తెలియదు, వేడీ తెలియదు. దాని కింద, కాస్త పసుపు రంగులో, అంత గట్టిదనం లేకుండా ఉండే పొర డెంటిన్. పైకి నున్నగా, గట్టిగా కనిపించినా దాని నిండా కంటికి ఆనని సన్నని గొట్టాలు ఉంటాయి. ఒక చదరపు మిల్లీమీటరులో, అంటే పెన్ను మొనతో పెట్టిన చుక్కంత చోటులో, డెంటిన్ పైభాగాన సుమారు 20 వేల గొట్టాలు, పంటి నడిబొడ్డున నరాలూ రక్తనాళాలూ ఉండే పల్ప్ దగ్గరికి వచ్చేసరికి 45 వేలకు పైగా ఉంటాయి. ఈ గొట్టాలన్నిటిలోనూ పల్చని ద్రవం నిండి ఉంటుంది. పైనున్న మూత తొలగిపోయి గొట్టాల నోళ్లు తెరుచుకున్నప్పుడు చల్లని నీళ్లు తగిలితే ఆ ద్రవం ఒక్క ఉదుటున బయటివైపు కదులుతుంది. ఆ కదలికకు లోపలి చివర ఉన్న నరాల కొసలు ఉలిక్కిపడతాయి. మీకు తెలిసే జివ్వుమనడం అదే. ఇలాంటి ఊహ 1900 ప్రాంతంలోనే వచ్చినా, దానిని ప్రయోగాలతో నిలబెట్టినవారు స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రామ్. 1960లలో ఆయన చూపిన ఈ వివరణనే దంతవైద్యం నేటికీ ఆధారం చేసుకుంటోంది.

నోటితో పీల్చిన గాలికి గొట్టాల నోటి దగ్గరి తేమ ఆరిపోతుంది కనుక ద్రవం పైకి ఎగబాకుతుంది. తీపి పదార్థం తన గాఢత వల్ల ద్రవాన్ని బయటికి లాగుతుంది. వేడి మాత్రం ద్రవాన్ని లోపలివైపు నెడుతుంది. ద్రవం బయటికి కదిలినప్పుడు స్పందించినంత చురుకుగా నరాలు లోపలికి కదిలినప్పుడు స్పందించవు. అందుకే ఈ రకం బాధలో చల్లదనానిదే పైచేయి. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకోండి, కింద మరొక పాఠకుడికి ఇచ్చిన జవాబులో మళ్లీ అవసరమవుతుంది.

గొట్టాల వెడల్పు కూడా చిన్న విషయం కాదు. జివ్వుమనే పళ్లను, మామూలు పళ్లను సూక్ష్మదర్శిని కింద పోల్చి చూసినప్పుడు, జివ్వుమనే పంటిమీద తెరుచుకున్న గొట్టాలు సుమారు 8 రెట్లు ఎక్కువగానూ, ఒక్కొక్కటి దాదాపు రెట్టింపు వెడల్పుగానూ కనిపించాయి. గొట్టం వెడల్పు రెట్టింపైతే అందులో ప్రవాహం 16 రెట్లవుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ఇద్దరికి చిగురు ఒకే మేరకు వెనక్కి జరిగి పంటి వేరు బయటపడినా ఒకరు ఐసు ముక్కలు కొరుక్కు తినగలగడానికి, మరొకరు కుళాయి నీళ్లకే మొహం చిట్లించడానికి తేడా ఇక్కడ ఉంది.

ఇప్పుడు మీ ‘ఎడమవైపు’ సంగతికి వద్దాం. మీరు కుడిచేతి వాటం వారై ఉంటారని అనుకుంటున్నాను. కుడిచేత్తో తోమేవారి బ్రష్ మొదట, ఎక్కువ బలంతో పడేది ఎడమవైపు కోరపన్నుమీద, దాని పక్కనున్న రెండు చిన్న దవడపళ్లమీద. పలువరుస వంపు తిరిగే చోట ఇవి కాస్త ముందుకు పొడుచుకు వచ్చి ఉంటాయి కనుక దెబ్బ కూడా వీటికే ఎక్కువ. పంటి కొనమీద రెండు మిల్లీమీటర్లకు పైగా మందం ఉండే ఎనామిల్, చిగురు అంచుకు వచ్చేసరికి కత్తి అంచులా పల్చబడుతుంది. చిగురు కిందనున్న వేరుకు ఎనామిల్ ఉండనే ఉండదు. దానిమీద సిమెంటం అనే అతి పల్చని పొర మాత్రమే ఉంటుంది, చిగురు జరిగి వేరు బయటపడితే ఆ పొర త్వరలోనే అరిగిపోతుంది. కొందరి పళ్లలో, సుమారు పదింట ఒక పంటికి, ఎనామిల్‌కూ సిమెంటానికీ మధ్య పుట్టుకతోనే సన్నని సందు ఉంటుంది. అలాంటి పంటికి చిగురు కాస్త జరిగితే చాలు.

మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి, పై పెదవిని వేలితో పైకెత్తి ఎడమవైపు కోరపన్నును చూడండి. కుడివైపు కోరపన్నుతో పోలిస్తే అది పొడవుగా కనిపించినా, చిగురు దగ్గర తెల్లని రంగు ఆగిపోయి పసుపు పట్టీ మొదలైనా, చిగురు జరిగిందని అర్థం. గోటిని పంటిమీద నుంచి చిగురు వైపు మెల్లగా జరిపితే ఒకచోట గాడిలో తట్టుకుంటుందేమో కూడా చూడండి. ఆ గాడి దగ్గరే జివ్వుమంటే మీ బాధ ఎక్కడ ఉందో తెలిసినట్లే. మీ బ్రష్ కూడా సాక్ష్యం చెబుతుంది. కొన్న నెల రోజులకే దాని కుచ్చు నలువైపులా విచ్చుకుంటే మీరు తోముతున్న బలం అవసరానికి మించినది.

మెత్తని కుచ్చు ఉన్న బ్రష్ తీసుకుని, పిడికిలితో కాక పెన్ను పట్టుకున్నట్లు వేళ్లతో పట్టుకుని, కుచ్చును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి చిన్నచిన్న సున్నాలు చుడుతున్నట్లు కదపండి. మొత్తం నోటికి రెండు నిమిషాలు చాలు. ఎక్కువసేపు, గట్టిగా తోమితే పాచి ఎక్కువగా పోతుందన్న నమ్మకం ఎంతమందికి ఉందో నా కుర్చీలో కూర్చునే వారిని చూస్తే తెలుస్తుంది. పాచి వేలితో తుడిచినా పోయేంత మెత్తనిది, దానికి బలం అక్కర లేదు. బొగ్గు పొడి, తెల్లదనం కోసం అమ్మే గరుకు పేస్టులు, ఉప్పు రుద్దడం వంటివి పూర్తిగా మానుకోవాలి. జరిగిన చిగురు దానంతట అది తిరిగి పెరగదు, అరిగిన ఎనామిల్ మళ్లీ ఏర్పడదు. అయినా గొట్టాల నోళ్లను మూయవచ్చు, అరుగుదలను ఆపవచ్చు. ఆ మార్గాలు తరువాతి జవాబులో ఉన్నాయి.

ఒక మాట చేర్చాలి. చిగురు జరగడానికి తోమడం ఒక్కటే కారణం కాదు. చిగుళ్ల జబ్బు, పుట్టుకతో పల్చగా ఉన్న చిగుళ్లు, వరుస తప్పిన పళ్లు, నిద్రలో పళ్లు కొరికే అలవాటు కూడా ఇందులో పాలు పంచుకుంటాయి. తోమేటప్పుడు రక్తం కనబడుతుంటే చిగుళ్ల జబ్బు ఉందేమో తప్పక చూపించుకోండి.

ప్రశ్న: జివ్వుమనే పళ్లకని అమ్మే టూత్‌పేస్ట్ వారం రోజులుగా వాడుతున్నాను, ఏమీ తేడా లేదు. ఇవి నిజంగా పనిచేస్తాయా? అన్నీ ఒకటేనా?

జవాబు: వారం చాలదు. అలాగని అన్నీ ఒకటీ కాదు. ఈ పేస్టులలో రెండు తెగలు ఉన్నాయి. మొదటిది పొటాషియం నైట్రేట్ ఉన్న రకం, సాధారణంగా 5 శాతం మోతాదులో ఉంటుంది. పొటాషియం గొట్టాల గుండా మెల్లగా లోపలికి చేరి, నరాల కొసల చుట్టూ పేరుకుని, అవి చీటికిమాటికి స్పందించకుండా చేస్తుంది. ఆ పేరుకోవడానికి సమయం పడుతుంది కనుక రోజుకు రెండుసార్లు వాడితే రెండు వారాలకు తేడా తెలిసి, నాలుగు నుంచి ఎనిమిది వారాలకు పూర్తి ఫలితం కనబడుతుంది. వాడటం మానేస్తే బాధ మళ్లీ తలెత్తవచ్చు.

రెండో తెగ పేస్టులు గొట్టాల నోళ్లనే మూస్తాయి. 8 శాతం ఆర్జినిన్‌తో కాల్షియం కార్బొనేట్ కలిపినవి, స్టానస్ ఫ్లోరైడ్ ఉన్నవి, స్ట్రాన్షియం ఉన్నవి, కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ ఉన్నవి ఈ తెగకు చెందుతాయి. వీటిలో కొన్నిటిని, ముఖ్యంగా ఆర్జినిన్ రకాన్ని, శుభ్రమైన వేలి కొసతో బాధిస్తున్న పంటి మొదట్లో ఒక నిమిషం రుద్దితే అప్పటికప్పుడే కొంత ఉపశమనం ఉంటుంది. పేస్ట్ ట్యూబు వెనక అచ్చు వేసిన పదార్థాల జాబితా చదివితే మీ దగ్గరున్నది ఏ తెగదో తెలుస్తుంది. ఒక తెగ పేస్ట్ నెలన్నర వాడినా ఫలితం లేకపోతే రెండో తెగకు మారడంలో అర్థం ఉంది, అదే తెగలో పేరు మార్చి కొనడం వల్ల ఒరిగేదేమీ లేదు.

పేస్ట్ పనిచేయలేదని వచ్చేవారిలో చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. తోమడం అయిన వెంటనే దోసిళ్లతో నీళ్లు పోసుకుని నాలుగైదుసార్లు పుక్కిలిస్తారు. పంటిమీద నిలవవలసిన మందు ఆ నీళ్లతోనే పోతుంది. నురగను ఉమ్మేసి ఊరుకోండి. రాత్రి పడుకునే ముందు కాస్త పేస్ట్‌ను బాధిస్తున్న పంటి మొదట్లో పూసి అలాగే వదిలేయడం కూడా మంచి పద్ధతి, నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది కనుక మందు ఎక్కువసేపు నిలుస్తుంది. 12 ఏళ్లలోపు పిల్లలకు మాత్రం ఈ పేస్టులు డాక్టరు చెప్పకుండా వాడవద్దు. పిల్లల పళ్లు జివ్వుమంటుంటే ముందు అనుమానించవలసింది పిప్పినే.

ప్రశ్న: పది రోజుల క్రితం పళ్ల క్లీనింగ్ చేయించుకున్నాను. అంతకుముందు ఏ బాధా లేదు, ఇప్పుడు కింది ముందుపళ్లు చల్లదనానికి తట్టుకోవడం లేదు. క్లీనింగ్ చేయిస్తే ఎనామిల్ పోతుందని, పళ్లు వదులవుతాయని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు, కానీ ఆ మాట ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోదగినదే. కింది ముందుపళ్ల లోపలివైపు లాలాజల గ్రంథుల నాళాలు దగ్గరగా తెరుచుకుంటాయి కనుక అక్కడ గార తొందరగా, మందంగా పేరుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ గార చిగురును కిందికి నెట్టి, బయటపడిన వేరును తానే కప్పి ఉంచుతుంది. డాక్టరు ఆ పెచ్చును తీసేసిన రోజున, ఎన్నడూ గాలి తగలని వేరుకు మొదటిసారి గాలి తగులుతుంది. వాచి ఉన్న చిగురు మానుతూ సన్నబడటంతో వేరు ఇంకాస్త కనబడుతుంది. పళ్లు వదులైనట్లు అనిపించడానికీ కారణం ఇదే. లోపల ఎముక ముందే తగ్గిపోయి ఉంటుంది, పళ్లను అంతకాలం సిమెంటులా పట్టి ఉంచిన గార ఇప్పుడు లేదు. గారను ఉంచుకుంటే పన్ను నిలుస్తుందనుకోవడం పొరపాటు, ఎముకను తినేసే జబ్బుకు ఆ గారే నిలయం.

ఈ బాధ సాధారణంగా ఒకటి రెండు వారాలలో దానంతట అదే తగ్గుతుంది. అప్పటిదాకా పై జవాబులో చెప్పిన పేస్ట్ వాడండి, మరీ చల్లనివి తాగకండి. జివ్వుమంటోందని ఆ పళ్లను తోమడం మాత్రం మానవద్దు. మానితే పేరుకునే పాచి చిగుళ్లను తిరిగి వాపుకు గురిచేసి, బాధను పెంచుతుంది. మూడు వారాలు దాటినా తగ్గకపోతే క్లీనింగ్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లి ఫ్లోరైడ్ వార్నిష్ పూయించుకోండి.

ప్రశ్న: నాకు కుడివైపు కింది దవడపన్ను ఒక్కటే బాధిస్తుంది. వేడి వేడి కాఫీ తాగితే మొదలై చాలాసేపు లాగుతూనే ఉంటుంది. చల్లని నీళ్లు పుక్కిట పట్టుకుంటే తగ్గుతుంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఏ టూత్‌పేస్ట్ వాడమంటారు?

జవాబు: ఏ పేస్టూ వద్దు. ఈ సంచిక మీ చేతికి అందేలోపే మీరు డాక్టరును కలిసి ఉండాలని కోరుకుంటున్నాను. మొదటి జవాబులో చెప్పిన విషయాన్ని గుర్తు చేసుకోండి. గొట్టాలు తెరుచుకోవడం వల్ల వచ్చే బాధ చల్లదనానికి ఎక్కువ, క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది. మీది అందుకు పూర్తిగా తలకిందులుగా ఉంది. వేడితో మొదలవుతోంది, కప్పు పక్కన పెట్టాక కూడా నిలిచిపోతోంది, చల్లదనంతో తగ్గుతోంది, రాత్రి పడుకుంటే లేపుతోంది. ఇవన్నీ పంటి లోపలి పల్ప్ తిరిగి కోలుకోలేనంతగా వాచిందని చెప్పే గుర్తులు. ఇందులో పాలుపంచుకునే నరాలు కూడా వేరు. జివ్వుమనే చురుకు నొప్పిని వేగంగా మోసేవి ఒక రకం, మీలా లోతుగా లాగే నొప్పిని మెల్లగా మోసేవి మరొక రకం.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. నొప్పిని తెచ్చిన వేడినో చల్లదనాన్నో తీసేసిన తరువాత గడియారం చూడండి. రెండు మూడు సెకన్లలో తగ్గితే పల్ప్ ఆరోగ్యంగానే ఉండే అవకాశం ఎక్కువ. అర నిమిషం దాటినా లాగుతూనే ఉంటే ఆలస్యం చేయకూడదు. మీ పంటికి రూట్ కెనాల్, అంటే పాడైన పల్ప్‌ను తీసేసి ఆ చోటును నింపే చికిత్స, అవసరం కావచ్చు, ఎక్స్‌రే చూసి డాక్టరు తేలుస్తారు. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా అదే రోజు వెళ్లాలి.

ఒక్క పన్నే బాధించే మరికొందరికి కూడా ఇక్కడే చెబుతున్నాను. గట్టి పదార్థం కొరికి వదిలేటప్పుడు, కొరికేటప్పటికంటే వదిలేటప్పుడే, చురుక్కుమంటే పంటిలో పగులు ఉండవచ్చు. పగులు ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఏ పంటి ఏ మూలమీద కొరికితే వస్తోందో డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: బరువు తగ్గడానికి రోజూ ఉదయం నిమ్మరసం కలిపిన నీళ్లు తాగి, పళ్లు పులిసినట్లు ఉంటాయని వెంటనే బ్రష్ చేసుకుంటాను. కొన్నాళ్లుగా పళ్లన్నీ జివ్వుమంటున్నాయి. కడుపులో మంట, పుల్లటి తేన్పులు కూడా ఉన్నాయి. రెండిటికీ సంబంధం ఉందా?

జవాబు: మూడిటికీ ఉంది. ఆమ్లతను పిహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. నోటిలో పిహెచ్ 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది, డెంటిన్ అంతకంటే ముందే కరుగుతుంది. నిమ్మరసం పిహెచ్ 2, 2.5 మధ్య ఉంటుంది, కోలా పానీయాలవీ ఆ దరిదాపులే. కడుపులోని ఆమ్లం ఇంకా తీవ్రమైనది. ఆమ్లం తగిలిన కాసేపు ఎనామిల్ పైపొర మెత్తబడి ఉంటుంది. లాలాజలం తన కాల్షియం, ఫాస్ఫేట్‌లతో దానిని తిరిగి గట్టిపరచేలోపే మీరు బ్రష్‌తో దానిని గీకేస్తున్నారు.

నిమ్మనీళ్లు మానలేకపోతే భోజనంతో కలిపి, పుక్కిట పట్టకుండా, గుటకలు సాగదీయకుండా తాగేయండి. తాగిన వెంటనే మామూలు నీళ్లతో పుక్కిలించి, కనీసం అర గంట ఆగి తోముకోండి. అసలు ముందే తోముకోవడం ఇంకా మంచిది. ఆమ్లం ఎంత తాగారన్నదానికంటే ఎన్నిసార్లు, ఎంతసేపు పంటికి తగిలిందన్నది ముఖ్యం. ఒక సీసా కూల్‌డ్రింకును పది నిమిషాలలో తాగేసినవారి పళ్లకంటే, దానినే బల్లమీద పెట్టుకుని సాయంత్రం దాకా గుటక గుటకగా తాగినవారి పళ్లు ఎక్కువగా అరుగుతాయి.

మీ తేన్పుల విషయం నిర్లక్ష్యం చేయవద్దు. చిన్న అద్దాన్ని నోట్లో పెట్టి పై ముందుపళ్ల లోపలివైపు, నాలుక తగిలే వైపు, చూడండి. అక్కడ ఎనామిల్ మెరుపు పోయి, నున్నగా పలచబడి, పసుపురంగు కనబడితే కడుపు ఆమ్లం నోటిదాకా వస్తోందని గట్టిగా అనుమానించాలి. తరచుగా వాంతులయ్యేవారిలో, గర్భం తొలినెలల్లో వేవిళ్లు ఎక్కువగా ఉన్నవారిలో కూడా ఇదే కనిపిస్తుంది. వాంతి అయిన వెంటనే తోమకుండా, గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలిస్తే ఆమ్లం తీవ్రత తగ్గుతుంది. తేన్పులకు వైద్యం జరగనంతకాలం పళ్లకు ఎన్ని పూతలు పూసినా అవి నిలవవు.

ప్రశ్న: పళ్లు తెల్లబరిచే చికిత్స మొదలుపెట్టిన మూడో రోజు నుంచి మెరుపులా నొప్పి వస్తోంది. ఆపేయాలా?

జవాబు: తెల్లబరిచే మందులోని పెరాక్సైడ్ ఎనామిల్‌ను దాటి పల్ప్ దాకా చేరుతుంది కనుక ఈ నొప్పి చాలామందికి వస్తుంది, ఆపిన కొద్ది రోజులలోనే తగ్గుతుంది. రెండు రోజులు విరామం ఇచ్చి, తరువాత రోజు విడిచి రోజు వాడవచ్చునేమో చికిత్స చేస్తున్న డాక్టరును అడగండి. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్‌ను ముందు నుంచే రెండు వారాలు వాడి ఉంటే బహుశా ఇంత బాధ ఉండేది కాదు.

ప్రశ్న: నాలుగు పళ్లు జివ్వుమంటున్నాయని వెళితే నాలుగింటికీ రూట్ కెనాల్ చేసి క్యాపులు వేస్తామన్నారు. నొప్పి చల్లనివి తాగినప్పుడు మాత్రమే, అదీ ఒక్క క్షణమే. వేరే దారి లేదా?

జవాబు: మీ పళ్లను చూడకుండా ఆ సలహా తప్పని నేను చెప్పలేను. మీరు రాసిన లక్షణాలకు మాత్రం రూట్ కెనాల్ చిట్టచివరి మెట్టు, దానికి ముందు చాలా మెట్లున్నాయి. డాక్టరు మొదట ఒక్కొక్క పంటిమీద గాలి ఊది, పరికరం మొనతో తడిమి, బాధ కచ్చితంగా ఎక్కడుందో, పిప్పి, పగులు, ఊడిన ఫిల్లింగ్ వంటివి ఉన్నాయేమో చూడాలి. అవేవీ లేకపోతే 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. నిమిషాలలో అయిపోయే పని, నొప్పి ఉండదు, కొన్ని నెలలకొకసారి మళ్లీ పూయించుకోవాలి. పూసిన తరువాత డాక్టరు చెప్పినన్ని గంటలు తోమకూడదు, గట్టివి నమలకూడదు. అది చాలకపోతే గ్లూటరాల్డిహైడ్ ఉన్న ద్రవాన్ని చిగురుకు తగలకుండా అద్దుతారు. అది గొట్టాలలోని ద్రవపు మాంసకృత్తులను గడ్డకట్టించి దారి మూస్తుంది. చిగురు దగ్గర ‘వి’ ఆకారంలో గాడి పడి ఉంటే, పంటి రంగు ఫిల్లింగ్‌తో ఆ గాడిని పూడ్చడం అన్నిటికంటే మన్నికైన పని. చిగురు బాగా జరిగి, ఇంకా జరుగుతూ ఉంటే అంగిలి నుంచి చిన్న ముక్క తీసి అక్కడ అతికించే శస్త్రచికిత్స ఉంది. నిద్రలో పళ్లు కొరికేవారికి రాత్రిపూట తొడుక్కునే గార్డు చేసిస్తారు.

మీరు డాక్టరును అడగవలసిన ప్రశ్న సూటిగా ఇది: ‘ఈ నాలుగింటిలో ఏ పంటి పల్ప్ పాడైంది? అది మీకు ఏ పరీక్షతో తెలిసింది?’ చల్లదనంతో, కరెంటు పరికరంతో పల్ప్‌ను పరీక్షించే పద్ధతులు ఉన్నాయి. ఒక్కొక్క పంటికి విడివిడిగా జవాబు రాకపోతే, ఎక్స్‌రేలు తీసుకుని మరొక దంతవైద్యుడి అభిప్రాయం తీసుకోండి. మీరు రాసినట్లు నొప్పి ఒక్క క్షణంలోనే తగ్గిపోతున్నంతకాలం ఆ కొద్ది రోజుల ఆలస్యం వల్ల నష్టం జరిగే అవకాశం తక్కువ. ఒకసారి తీసేసిన పల్ప్‌ను మాత్రం తిరిగి పెట్టలేం.